జపాన్ కారు, నాన్న చెప్పులు

మొన్న మేము కొన్న జపాన్ కారు తలుపు తీయగానే కొత్త సీట్ల వాసన వచ్చింది. సిగ్గుతో నా తల వంగిపోయింది.

నాన్న కేజీఎఫ్ బంగారు గనిలో పనిచేసేవాడు. ఒకరోజు మేమిద్దరం కోలారు బస్సు కోసం నిలబడి ఉంటే, గని ఇంజనీరుగారు తన కొత్త కారు ఆపి ఎక్కమన్నారు. అదీ ఈ కంపెనీదే. నాన్న గుడిలోకి వెళ్తున్నట్టు రోడ్డు పక్కన చెప్పులు విడిచి ఎక్కాడు. నేను చెప్పులతోనే ఎక్కాను. ఆయన టైరు చెప్పులు అక్కడే ఉండిపోవడం అద్దంలోంచి చూశాను. చెబితే కారు ఆపుతారు, ముందు సీట్లో ఉన్న ఇంజనీరుగారి కూతురు నవ్వుతుంది. నోరు మూసుకున్నాను.

"ఈ కంపెనీవాళ్లు మొదట మగ్గాలు చేసేవాళ్లప్పా," అన్నారు ఇంజనీరుగారు.

"అందుకే సార్, పట్టు మాదిరి పోతా ఉండాది. ఇంజిను సద్దే లేదు," అని నాన్న మురిసిపోయాడు.

కోలారులో దిగాక తన కాళ్లు చూసుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా కాలే తారురోడ్డు మీద వట్టి కాళ్లతోనే నడిచాడు.

"కారు సంబరంలో మర్చిపోయినాను. నువ్వూ చూసుండవులేమ్మా. చూసింటే చెప్పకుండా ఉంటావా?" అన్నాడు.

ఉండనని తల అడ్డంగా ఊపాను.