రెండడుగుల నడవ

చక్రాల మీద బుల్లి ఇళ్లు కట్టే వడ్రంగి తన ఇంట్లో నడవకు రెండడుగులే వదిలాడు. ఒకరు గోడకు అతుక్కుంటేగానీ ఇంకొకరు దాటలేరు. ఆలుమగలు పదేళ్లు అలాగే కాపురం చేశారు. భార్య పోయిన మూడో నెలలో అక్క వచ్చింది.

"ఈ అగ్గిపెట్టెలో ఒక్కడివే ఉంటే పిచ్చెక్కుతుందిరా. మా ఇంటికి వచ్చెయ్."

ఇల్లు వదలడం అతనికి చచ్చినా ఇష్టం లేదు.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నానక్కా," అంటూ టీ తెస్తున్నవాడు కాస్తా నడవ మధ్యలో ఆగి, గోడకు అతుక్కుని, కప్పులు పైకెత్తాడు. ఎవరో దాటిపోయేంతసేపు అలాగే నిలబడ్డాడు. అక్క చూసిందని తెలిసి బిక్కచచ్చిపోయాడు. ఇక మూటాముల్లె సర్దక తప్పదనుకున్నాడు.

అక్క మాత్రం దారికడ్డంగా చాపుకున్న కాళ్లను మెల్లగా ముడుచుకుంది.

"నా మరదల్ని ఒక్కదాన్నే వదిలేసి నువ్వెక్కడికి వస్తావులే," అంది.