పసుపు వేయని కిచిడీ

మేము విశాఖ చేరింది డెబ్బయ్యొకటి నవంబరు చివర. మిట్టమధ్యాహ్నం. రేవు మీది కొండపై ఎర్రమట్టి తవ్వి బంకరు చేసి, విమానాలను కొట్టే తుపాకి దించాం. కింద ఓడలు, ఇనప ఖనిజం గుట్టలు. గాలి తిరిగితే ఆ ధూళి పళ్లకింద కరకరలాడేది. మనిషికి ఇనపటోపీ, నీళ్లసీసా, రెండు కంబళ్లు. ఆర్డరు ఒకటే: పొద్దు గుంకాక వెలుగు కనబడకూడదు. అగ్గిపుల్లయినా సరే.

నాది ఎలమంచిలి దగ్గర పల్లె. మా ఊరివైపు పోయే రైలు కూత కొండమీదికి వినబడేది. సెలవు లేదు. నా పని ఫీల్డు టెలిఫోను.

వంట ఎండ ఉండగానే అయిపోవాలి. వంటవాడిది సింహాచలం దిగువన ఓ ఊరు. బియ్యం, పెసరపప్పు ఒక పొంగు రానిచ్చి, గిన్నెకు మూతపెట్టి, గడ్డి కూరిన పెట్టెలో దించి కంబళి కప్పేవాడు. మంట లేకుండా ఆ వేడికే ఉడికిపోయేది. అందుకని రోజూ కిచిడీయే.

ఇవాళ పెద్దమనుషులు మైకు పట్టుకుని, కిచిడీ అంటే దేశమంతా ఒకటే తిండి అంటున్నారు. ఆ బంకరులో కూర్చుని ఉంటే తెలిసేది. వైర్‌లెస్ చూసే బెంగాలీ, పప్పు వేయించకపోతే ముట్టడు. గుజరాతీ డ్రైవరుకు పక్కన మజ్జిగపులుసు ఉండాలి. తమిళ గన్నరు మిరియాలు, నెయ్యి లేనిదే అది పొంగలే కాదంటాడు. మాకు పులగం, దానిమీద పచ్చిపులుసు. తుపాకి గురిచూసే బీహారీ జవానుకు శనివారం కిచిడీ వ్రతం లాంటిది. పసుపు మెరవాలి, కాల్చిన వంకాయ నలిపి పక్కన పెట్టాలి.

"సూడు బావా, గిన్నొకటి, నోళ్లు ఆరు. ఈళ్లందరికీ పెళ్లాన్నేటి నాను?" అనేవాడు వంటవాడు.

యుద్ధం మొదలయ్యాక బీహారీకి జ్వరం తగిలింది. కళ్లు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లు. డాక్టరు వచ్చి చూశాడు. ఆస్పత్రిలో మంచం దొరికేదాకా ఇక్కడే ఉంచండి, ఎలాగైనా కాస్త తినిపించండి, లేకపోతే మనిషి నిలవడు అన్నాడు. అప్పటికే అతని కడుపులో ఏదీ ఇమడడం లేదు.

వంటవాడు గడ్డిపెట్టె తెరిచి పళ్లెంలో వడ్డించాడు. సున్నంలా తెల్లగా ఉంది.

"పసుపెయ్యలేదేటి?" అన్నాను.

"పచ్చకామెర్లోడికి పసుపేత్తారేటి బావా? మా యమ్మ సూత్తే సీపురట్టుకుంటాది. నూనె లేదు, తాలింపు లేదు. పత్తెం."

మా వైపు అందరూ అనే మాటే. నాకూ సబబుగానే తోచింది.

బీహారీ మోచేతి మీద లేచి పళ్లెం చూశాడు. "ఎవరు పోయారు?" అన్నాడు హిందీలో.

వాళ్ల వైపు చావు జరిగిన ఇంట్లో కర్మ ముగిసేదాకా పసుపు, తాలింపు లేని కూడే వండుతారట. మాకేం తెలుసు? అతని తల్లికి ఆయాసం ముదిరిందని అంతకుముందే కబురొచ్చింది. సెలవు అడిగితే కొట్టేశారు.

"అమ్మేనా?" అన్నాడు.

కాదని ఒట్టు పెట్టాం. వంటవాడు గబగబా పసుపు కలిపి తెచ్చాడు. దాంతో అతనికి ఇంకా గట్టిగా నమ్మకం కుదిరింది.

"ఇప్పుడు దాస్తున్నారు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను ఫోను హ్యాండిల్ తిప్పాను. అతని తల్లి క్షేమం కనుక్కుని చెప్పండి అన్నాను.

"లైను ఆర్డర్ల కోసం. ఇంటి గోల తర్వాత" అంది పై ఆఫీసు గొంతు.

గోలా? మనిషి తింటాడా, చస్తాడా అనేది ఆ ఒక్క మాట మీదే ఉంది. మళ్లీ తిప్పాను. పెట్టేశారు. గోపాలపట్నం పోస్టాఫీసులో వాళ్ల ఊరికి టెలిగ్రాం ఇప్పించాం. చివరిదాకా జవాబు రాలేదు.

మర్నాడు పొద్దున్న అతను బార్బరును పిలిపించుకున్నాడు. బార్బరూ ఆ వైపువాడే. ఆ పద్ధతి తెలుసు. గుండు గీసి, వెనక పిలక వదిలాడు. ఆ గుండు కూడా పచ్చగా ఉంది. సాయంత్రం ట్రక్కు వచ్చి తీసుకుపోయింది.

అతను చావలేదు. ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించి నిలబెట్టారు. యుద్ధం ఆగాక జబ్బు సెలవు మీద ఇంటికి పంపుతూ, నన్ను తోడు వెళ్లమన్నారు. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. అమ్మకు పిండం పెట్టాలి అన్నాడు.

చెరకుతోట దాటితే ఇల్లు. వాకిట్లో ఒకావిడ చాటతో బియ్యం చెరుగుతోంది. అతను ఆగిపోయాడు.

"అమ్మ" అన్నాడు, నాతో.

ఆవిడ తలెత్తింది. కొడుకు మొహం చూడలేదు. గుండు చూసింది. పిలక చూసింది. కొడుకు అలా వచ్చాడంటే తల్లో తండ్రో పోయి ఉండాలి. తల్లి తానే. తండ్రి కలకత్తా జూట్ మిల్లులో ఉన్నాడు.

చాట జారిపోయింది. ఆవిడ రెండు చేతులూ గుమ్మానికేసి కొట్టింది. గాజులు ఒక దెబ్బకు పగల్లేదు. మళ్లీ కొట్టింది. నాన్న బాగానే ఉన్నాడమ్మా అని కొడుకు అరుస్తూ పరుగెత్తాడు. ఆవిడ అప్పటికే కొంగుతో పాపిట్లో సిందూరం తుడిచేస్తోంది.

యాభై ఏళ్లు దాటింది. యుద్ధంలో ఏం చూశావు తాతా అని పిల్లలు అడుగుతారు. నాకు కనబడేది ఆ వాకిలే. ఒలికిన బియ్యం, అందులో ఆకుపచ్చ గాజుపెంకులు, వాటి మీద చుక్కలుగా నెత్తురు.