డ్రోను కడుపులో మందు

ఫోన్లలో తిరుగుతున్న ఒక గొంతు నాది. రెండు నిమిషాల మాట. పోయిన వారం కూడా బళ్ళారిలో ఉండే మా పిన్నమ్మ కొడుకు దాన్ని నాకే పంపించి, కింద "జాగ్రత్త అన్నా" అని రాసినాడు. అందులో తప్పుందని చెబుతూ నేను ఇంకొక వాయిస్ పెట్టినాను. దాన్ని మా గ్రూపు దాటించిన మనిషి ఒక్కడూ లేడు. గొంతుతో చేసిన తప్పును గొంతుతో దిద్దలేకపోయినాను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. చెల్లెలు ఒక షరతు పెట్టింది: ఆ ఊరి పేరు, మనుషుల పేర్లు ఉండకూడదని. సరేనన్నాను.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. విడపనకల్లు దాటినాక మెట్ట మీద వరసగా నిలబడిన గాలిమరల దగ్గర వాచ్‌మన్‌గా పని చేస్తాను. మర తిరిగినా నిలిచినా నేను చేసేది కూర్చోవడమే. ఆ కూర్చునే గంటలన్నీ చదువుకే ఇచ్చినాను. మండలంలో ఒంటిగది గ్రంథాలయం ఉంది. పెచ్చులు రాలే ఆ గదిలో నేను చదవని అల్మారా లేదని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. జలాంతర్గామి ఎట్లా మునుగుతుందో, రాడార్ తెర మీద విమానం చుక్కలాగా ఎట్లా కనబడుతుందో, సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడని నేను నేల మీద బొమ్మ గీసి చెప్పగలను.

మా పల్లెల్లో యంత్రాల మీద అనుమానాలకు కొదవ లేదు. గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తున్నాయని ఒక మాట. విమానం వెనక తెల్లటి గీత పడితే, అది వాన రాకుండా చల్లే మందని ఇంకొక మాట. అదను దాటినా వాన రాకపోతే మనిషి పైకి చూస్తాడు, పైన ఏది కనబడితే దాని మీద నేరం మోపుతాడు. నేను ఏళ్ళ తరబడి వాదించినాను. మర రెక్క అంచు ఎంత ఎత్తులో ఉంటుందో, వానమబ్బు ఎంత ఎత్తులో ఉంటుందో పుల్లతో గీసి చూపించినాను. విమానం గీత గడ్డకట్టిన ఆవిరి అని చెప్పినాను. మొదట నవ్వినారు. పోనుపోనూ ఏ సందేహమొచ్చినా "పేపరన్నను అడుగుదాం పా" అనడం మొదలుపెట్టినారు. ఆ పిలుపు నాకెంత ఇష్టమో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

సరిహద్దులో డ్రోన్లు ఎగురుతున్నాయని టీవీల్లో పొద్దస్తమానం చూపిస్తున్న రోజులవి. మా ఊరి టీ కొట్టు దగ్గర ఒకాయన అడిగినాడు: "ఏమప్పా పేపరన్నా, లోపల మనిషే లేకుండా అది యుద్ధం ఎట్ల చేస్తాది?"

చెప్పినాను. ఎదురుగా ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకోవడం చూసినాను. చూసి, గొంతు కొంచెం పెంచినాను.

"దాని కడుపులో మందు నింపుతారు. మ్యాపు పెట్టి వదుల్తారు. చుట్టూ తిరుగుతాది, జాగా చూసుకుంటాది, అదే వచ్చి పడ్తాది."

అంతవరకు నేను చదివిందే. కానీ పది మంది టీ తాగడం మరిచి వింటున్నారు. ఆపలేకపోయినాను. "ఇప్పుడు సరిహద్దు దాటి లోపలి దాకా వస్తాండాయి. గాలిమరలు, కరెంటు సబ్‌స్టేషన్లు ఉండే జాగాలే వాటికి గురి. మన పక్కకి రావని ఏముండాది?" అన్నాను.

మా దగ్గర జ్వరానికి మింగేది మందు. సారాయి కూడా మందే. పైరుకు కొట్టేది మందు. క్వారీలో బండకు కూరేది మందు, ఒకప్పుడు పల్లెల్లో నాటుబాంబుల్లో చుట్టిందీ మందే. ఏ మందో ఆ రోజు నేను చెప్పలేదు. చెప్పాలని తోచనూ లేదు.

తోచి ఉండాల్సింది. ఎందుకంటే అప్పటికి నాలుగు నెలలుగా నా చెల్లెలు డ్రోన్ నడుపుతోంది. మహిళా సంఘం తరఫున శిక్షణకు పోయి, పరీక్ష రాసి తెచ్చుకున్న యంత్రం. పైరుకు పురుగుమందు చల్లుతుంది. ఆరు రెక్కలు, పది లీటర్ల తొట్టి. విరిగితే సంఘం ఇంకొకటి ఇవ్వదు, ఆమె మళ్ళీ వేరుశనక్కాయలు ఒలిచే కూలికి పోవాల్సిందే. టీ కొట్టులో యుద్ధపు డ్రోన్ల గురించి ఊదరగొడుతున్నప్పుడు, మా ఇంటి వసారాలో దుప్పటి కప్పి పెట్టిన ఆ డ్రోన్ నాకు గుర్తు రాలేదు.

నాలుగైదు రోజుల తర్వాత, పక్క పల్లెలో ఒక పెద్దాయన తన కంది చేనికి మందు కొట్టమని ఆమెను పిలిచినాడు. మనిషెత్తు కంది, పూత మీద ఉంది. ఆ ఊరికి డ్రోన్ రావడం అదే మొదలు. పదకొండు గంటలప్పుడు నేను మర కింద కూర్చుని ఉంటే చెల్లెలి ఫోన్ వచ్చింది.

"అన్నా, ఒక వాయిస్ తిరుగుతాండాది. అది నీదేనా?"

"ఏ వాయిస్?"

"కడుపులో మందు నింపుతారు అంటాడే, అది. ఈడ అందరి ఫోన్లలో అదే. దోవలో ఒకామె 'ఏందమ్మీ ఇది?' అంటే, 'మందు నింపి మ్యాపు పెడితే అదే తిరిగి, అదే వచ్చి దిగుతాదక్కా' అని చెప్పినా. ఆమె ఊర్లోకి పరిగెత్తింది. ఇప్పుడు కట్టెలు పట్టుకోని వస్తాండారు."

"చేని ఆయన లేడా?"

"ఇంకొక డ్రమ్ము నీళ్ళకని ట్రాక్టర్ తీసుకోని పోయినాడు. అన్నా, నువ్వు..." ఫోన్ తెగిపోయింది.

ఆ చేను నాలుగు కిలోమీటర్లు. బండి తీసినాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదటి మలుపు దాకా నాలో ఉన్నది భయం కాదు. నా గొంతు పక్క ఊరి దాకా పోయిందన్న సంతోషం. మలుపు తిరిగినాక కంది చేని మీద, కరెంటు స్తంభమంత ఎత్తులో, డ్రోన్ కదలకుండా నిలబడి కనిపించింది. అప్పుడు సంతోషం పోయింది.

చేని గట్టు మీద నలభై మంది దాకా ఉన్నారు. కట్టెల వాళ్ళు దగ్గరికి వచ్చేసరికి, యంత్రాన్ని పగలగొడతారని చెల్లెలే దాన్ని పైకి లేపేసింది. లేపిన మరుక్షణం, గళ్ళ తువ్వాలు చుట్టుకున్న ఒకాయన ఆమె చేతిలోని రిమోట్ లాక్కున్నాడు. ఇంకొకాయన జొన్నచేలో పిట్టల్ని తోలే ఒడిసెలలో రాయి పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

"దింపొద్దు! దిగితే పేలుతాది!"

"దింపకుంటే యాడ పోతాది? కొట్టి పడేయి మామా!"

చెల్లెలు నన్ను చూసి అరిచింది. "అన్నా, బ్యాటరీ అయిపోతాంది. అయిపోయే ముందు అదే ఎగిరిన జాగాకు వచ్చి దిగుతాది. ఎగిరింది ఆ పట్ట మీద నుంచే!"

నారింజ రంగు పట్ట నేల మీద పరిచి ఉంది. దాని మీద పదిమంది నిలబడి ఉన్నారు. ఆ రెక్క ఒక్కొక్కటి మూరెడు పైనే ఉంటుంది. తిరుగుతున్నప్పుడు కంటికి ఆనదు.

రిమోట్ కూత పెట్టడం మొదలైంది. బ్యాటరీ తగ్గిందని చెప్పే కూత. తువ్వాలాయన ముఖం పాలిపోయింది. "ఇనండప్పా, బాంబు గడియారం మోగుతాండాది!"

"అన్నలారా, పట్ట మీద నుంచి జరగండి," అన్నాను. "అది పురుగుమందు కొట్టే మిషను. ఫోన్లో మీరు ఇంటాండే గొంతు నాది."

నవ్వినారు. "ఏమప్పా, వాచ్‌మన్‌వి కదా నువ్వు? మర కాడ కుర్చీలో నిద్రపోతా ఉంటావు, చూసినాం. వాయిస్ పెట్టింది రిటైరైన మిలిటరీ ఆఫీసరు." ఒకాయన ఫోన్ నా ముఖం ముందు పెట్టినాడు. నా గొంతు మీద ఎవరో నిజంగానే అట్లా రాసి పంపినారు.

నా చదువు అంతా ఆ నిమిషానికి పనికిరాలేదు. ఆ గొంతు ఆఫీసరుది కాదని, నాదేనని నిరూపించుకోవాల్సి వచ్చింది.

"చివరి దాకా విన్నారా ఎవరైనా?" అన్నాను. "చివర్లో ఒకామె అరుస్తాది. 'గ్లాసు తొట్లో వెయ్యి సామీ, యుద్ధం తర్వాత చేద్దువు' అంటాది. ఆమె మా ఊరి టీ కొట్టామె. పెట్టి ఇనండి."

అంతమంది అన్ని రోజులుగా వింటూ, ఒక్కరూ చివరి దాకా వినలేదు. ఫోన్ ఆయన వేలితో జరిపి చివరికి తెచ్చినాడు. టీ కొట్టామె గొంతు చేని గట్టు మీద ఖంగున మోగింది, సామీతో సహా. ఎవరో ఫక్కున నవ్వినారు. తువ్వాలాయన నవ్వలేదు.

"సరే, నీదే. అయితే నువ్వు చెప్పిందే కదా? సరిహద్దు దాటి వస్తాండాయని? గాలిమరల కాడికని? నీ మాటే నమ్మినాము. ఇప్పుడు కాదంటే ఎట్ల?"

అది యుద్ధంలోది, ఇది వ్యవసాయంలోది అని మొదలుపెట్టబోయినాను. చెల్లెలు అడ్డం వచ్చింది. చిన్నప్పటి నుంచి నేను చెప్పే ప్రతి సంగతినీ నోరు మూసుకుని విన్న మనిషి.

"అన్నా, గాలిమరల కాడికి వస్తాయనే మాట ఏ పుస్తకంలో ఉండాది?"

ఒడిసెల ఆయన రాయి పట్టుకున్న చెయ్యి దించలేదు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఏదో ఒక పుస్తకం పేరు చెప్పి ఉండొచ్చు, వాళ్ళు నమ్మేవాళ్ళే.

"యాడా లేదు," అన్నాను. "నేనే కలిపినా. మీరందరూ ఇంటాండారని కలిపినా."

రిమోట్ కూత జోరైంది. అప్పుడు డ్రోన్ కదిలింది. ఎవరూ ముట్టుకోకుండా, నా గొంతు చెప్పినట్టే, తనకు తానే ముక్కు తిప్పుకుని పట్ట వైపు రాసాగింది. ఒక్కసారిగా అరుపులు. పట్ట మీద వాళ్ళు తలా ఒక దిక్కుకు పరిగెత్తినారు. ఒక ముసలామె కాలికి పట్ట అంచు చుట్టుకుని అక్కడే కూలబడింది. డ్రోన్ ఆమె నెత్తి మీద ఉంది. రెక్కల గాలికి ఆమె కొంగు లేచి ఎగురుతోంది.

తువ్వాలాయన రిమోట్ వైపు, ముసలామె వైపు చూసినాడు. రిమోట్ చెల్లెలి చేతిలో పెట్టేసినాడు. ఆమె పైకి కూడా చూడకుండా రెండు బొటనవేళ్ళతో యంత్రాన్ని పక్కకు నెట్టింది. అది కంది సాళ్ళ మీదికి పోయి, నాలుగైదు మొక్కలు నలిపి, ఒక పక్కకు ఒరుగుతూ దిగింది. ఏదో విరిగిన చప్పుడు. రెక్కలు ఆగినాయి.

అది నెత్తి మీద ఉన్నప్పుడు తొట్టి నుంచి కారిన చుక్కలు ముసలామె చేతి మీద పడి ఉన్నాయి. అందరూ బిగబట్టి చూస్తుంటే ఆమె చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"యాపనూనె," అంది. "మీ నాయనల కాలం నుంచి కొట్టే మందే గదరా ఇది."

డ్రోన్‌కు ఒక కాలు విరిగింది. రెక్కలు, మోటార్లు బాగున్నాయి. చెల్లెలు దాన్ని చేతుల్లోకి ఎత్తుకుని ఒక్కో రెక్కనూ తిప్పి చూసుకునేదాకా నేను దగ్గరికి పోలేకపోయినాను. ఆ పంట కాలంలో ఆ ఊరి వాళ్ళు మళ్ళీ ఆమెను పిలవలేదు. మా ఊర్లో నన్ను పేపరన్న అని ఇప్పటికీ పిలుస్తారు, కానీ నేను ఏదన్నా చెబితే, "ఏ పుస్తకంలో అన్నా?" అని ఎవరో ఒకరు నవ్వుతూ అడుగుతారు. అడిగిన ప్రతిసారీ చెవులు కాలుతాయి. అయినా పుట సంఖ్యతో సహా చెబుతాను, తెలియకపోతే తెలియదంటాను.

సాయపడినవాళ్ళను పేరు పేరునా తలుచుకోవాలనే ఉంది. షరతు ఉంది కాబట్టి వాళ్ళు చేసిన పనే వాళ్ళ పేరనుకోండి. గ్లాసు కోసం నన్ను అరిచిన టీ కొట్టామెకు, రాయి విసరకుండా ఆగిన ఒడిసెల ఆయనకు, ముసలామె కోసం రిమోట్ తిరిగిచ్చిన తువ్వాలాయనకు, చెయ్యి వాసన చూసిన ఆ ముసలామెకు, విరిగిన కాలిని తన ట్రాక్టర్ షెడ్డులో అతికించి ఇచ్చిన చేని పెద్దాయనకు, ఇది రాసుకోవడానికి తెల్ల కాగితాలిచ్చిన గ్రంథాలయం ఆయనకు దండాలు. చివరగా చెల్లెలికి. ఆ రోజు అంతమందిలో ఆమె నన్ను ఆ మాట అడగకుండా వదిలేసి ఉంటే, నేను ఇంకొక అబద్ధం చెప్పి ఉండేవాణ్ణి. ఏ పుస్తకం పేరు చెప్పేవాణ్ణో కూడా నాకు తెలుసు.