మా ఆడబిడ్డకు పడని గోధుమ

మా అత్తగారింట్లో గోధుమ రొట్టె ఒక్కరి కోసమే కాలేది. మిగతా అందరికీ జొన్నరొట్టె, సంగటి. అత్త మా రొట్టెలన్నీ చేత్తో తట్టి, కాల్చి, గంపలో వేసిన తర్వాత పెనాన్ని గుడ్డతో తుడిచి, విడిగా దాచిన గోధుమపిండి తీసేది. ఇంట్లో ఒత్తుడు కర్ర లేదు. ఇత్తడి చెంబుకు నూనె రాసి పిండి మీద దొర్లించి రెండు పల్చటి రొట్టెలు చేసేది. అవి మా ఆడబిడ్డకు.

నేను కాపురానికి వచ్చిన కొత్త అది. నాకు పదహారేళ్లు, ఆ పిల్లకు పధ్నాలుగు. ఆ మెత్తటి రొట్టె చూసి నాకు నోరూరేది. ఆలూరు వైపు నల్లరేగడి పల్లెల్లో గోధుమ అంటే పెళ్లిళ్లలో, ఉగాదికి బొబ్బట్లలా చేసే ఓళిగల్లో మాత్రమే కనిపించే తిండి. ఆ పిల్ల మాత్రం మా గంప వైపు చూస్తూ తినేది.

ఆమెకు చక్కెర జబ్బు. చిన్నతనంలోనే వచ్చింది. కుండెడు నీళ్లు తాగినా దాహం తీరక, ఒకరోజు స్పృహ తప్పితే కర్నూలుకు తీసుకుపోయారట. అక్కడి పెద్ద డాక్టరు ఇన్సులిన్ రాసి, అన్నం మాన్పించి గోధుమ పెట్టమన్నాడు. ఆ రోజుల్లో చక్కెర జబ్బు ఉన్న ప్రతివారికీ డాక్టర్లు అదే చెప్పేవారు. మా మామ ఆదోని అంగడి నుంచి గోధుమలు తెప్పించి పెట్టేవాడు. కూతురి కోసం అంతమాత్రం చేయగలిగిన ఇల్లు అని ఊళ్లో పేరు.

ఇన్సులిన్ సీసాను కొత్తకుండలో తడి ఇసుక పోసి అందులో పెట్టేవాళ్లం. గాజు సిరంజిని, సూదిని ఉడికించి మా ఆయన పొద్దునా సాయంత్రం పొడిచేవాడు. చక్కెర ఎంత ఉందో చూసుకోవడానికి ఆస్పత్రి వాళ్లు నీలం మందునీళ్లు ఇచ్చారు. గాజు గొట్టంలో ఆ నీళ్లు పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి, దీపం మీద కాచాలి. నీలంగానే నిలిస్తే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం ఉన్నట్టు. ఇటుక రంగుకు తిరిగితే శానా ఉన్నట్టు. ఆ పని ఆ పిల్లే చేసుకునేది. నాకు అప్పటికి ఒక్క అక్షరం రాదు, యాభై దాటాక గానీ నేర్చుకోలేదు. రంగులు చదవడానికి అక్షరాలు అక్కర్లేదు కాబట్టి నేనూ పక్కన కూర్చుని చూసేదాన్ని.

చక్కెర ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లం. ఆమెకు తిన్నది ఒంటబట్టేది కాదు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి కడుపు మాత్రం ఉబ్బేది. తిన్న కాసేపటికే చెంబు పట్టుకుని చేను గట్టు దాటి పోవాలి. తోడు నేనే. దారిలో కడుపు పట్టుకుని కూర్చుండిపోయేది.

"వదినా, నా కడుపులో ఎవరో కళ్లం తొక్కుతాండారు చూడు" అనేది. నొప్పిలో కూడా నవ్వించేది.

కడుపు చెడిన కొద్దీ అత్త జొన్నను ఆమె దగ్గరికి రానిచ్చేది కాదు. జొన్న మోటు తిండి, అరగదు అని ఆమె నమ్మకం. రొట్టె కూడా అరగకపోతే గోధుమ రవ్వను పల్చగా జావ కాచి తాగించేది. అది తాగితే ఇంకా పోయేది. ఒకరోజు గంప మీద గుడ్డ తీసి, జొన్నరొట్టె ముక్కలో గొడ్డుకారం పెట్టుకుని తలుపు చాటున తింటూ దొరికిపోయింది.

"ఏమ్మే, రాణిగారి తిండి పెడ్తాంటే నీకు కూలోళ్ల రొట్టె కావల్సి వచ్చెనా?"

"రాణిగారి తిండి నువ్వు తినుమా. నాకు ఈ కూలోళ్ల రొట్టే ఇయ్యి."

అత్త నవ్వి, ఆ ముక్క చేతిలోంచి లాక్కుంది. అప్పటి నుంచి "దొంగనోరు పిల్ల" అని ఇంట్లో ముద్దుపేరు పడింది. అప్పట్లో అది ముద్దుపేరే.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్లిపోయిన తర్వాత ఆమెను మళ్లీ కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. పదహారు దాటినా పెద్దమనిషి కాలేదు, ఎత్తు పెరగలేదు. నేనూ వెంట పోయాను. ఈసారి చూసిన డాక్టరు వయసులో చిన్నవాడు. బయటి దేశంలో చదివి వచ్చాడన్నారు. ఏం తింటుంది, ఎప్పటి నుంచి, తిన్నాక ఏమవుతుంది అని అడిగి అడిగి చివరికి సీలియాక్ అని ఏదో పేరు చెప్పాడు. గోధుమలో ఉండే జిగురు ఈ పిల్ల పేగుకు పడదనీ, పేగు లోపలి పొరను అదే తినేస్తోందనీ, ఈ సంగతి వైద్యులకే ఈమధ్య తెలిసిందనీ అన్నాడు. గోధుమ ఒక్క పలుకు కూడా పోకూడదు. జొన్న, కొర్ర, సజ్జ పెట్టొచ్చు, చక్కెర జబ్బు కాబట్టి కొలతగా పెట్టాలి. ఒంటికి తిండి పట్టడం మొదలైతే ఇన్సులిన్ కూడా మారుతుంది, రంగు చూసుకుంటూ ఉండండి అన్నాడు.

బస్సులో అత్త ఊరుకోలేదు. "ఒగాయప్ప గోదుమలు తినమనె, ఇంకొగాయప్ప గోదుమలే విషం అనె. ఏ డాక్టరు మాట ఇనల్ల మనం?"

ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి నవ్వుతూనే ఉంది. "నా జబ్బుకు మందు మన గంపలోనే ఉండాదంట వదినా. నేను దొంగతనం చేసింది మందు!"

ఆ తర్వాత ఏడాదికి పైగా మా ఇంట్లో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషం కలుగుతుంది. నెల తిరగకుండానే ఉబ్బు తగ్గింది. చెంబు పట్టుకుని పరుగెత్తడం పోయింది. జొన్నరొట్టె, మెంతాకు పప్పు, కొర్రన్నం, పలచటి మజ్జిగ. బుగ్గల్లో కండ వచ్చింది. రవికెలు బిగుతై కుట్లు విప్పాల్సి వచ్చింది. తిండి ఒంటబట్టడంతో మొదట్లో నీలంమందు ఇటుక రంగుకు తిరిగి అందరం భయపడ్డాం. డాక్టరు ముందే చెప్పాడు కదా అని మా ఆయన పోయి అడిగి సూదిమందు పెంచాడు. పెద్దమనిషి అయినప్పుడు అత్త వీధంతా పిలిచి పేరంటం చేసింది. నువ్వుల చిమ్మిలి అందరికీ ముద్దలు, ఆమెకు మాత్రం వేలి కొసన రవ్వంత. అదీ చప్పరించి, "శానా తియ్యగా ఉండాది, నాకొద్దులే" అని ముఖం పెట్టి పేరంటాళ్లను నవ్వించింది.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. జొన్న వెన్ను వేయకుండానే చేను మాడిపోయింది. పాతర తీస్తే అడుగున ఉన్నది కొన్ని నెలలకే సరిపోయింది. అప్పుడు ఆలూరు రేషన్ డిపోలో ఎర్ర గోధుమలు వచ్చాయి, ఓడల్లో వచ్చినవి అన్నారు. ఊరు ఊరంతా గోధుమ తినడం మొదలుపెట్టింది. మాదీ అంతే. మా ఇంట్లో తిండి తలకిందులైంది. ఇప్పుడు జొన్నరొట్టె ఒక్కరి కోసమే కాలాలి.

జొన్నలు ఎక్కడ? మామ విత్తనాల గుమ్మి విప్పాడు. సేద్యగాడి ఇంట్లో అది మామూలు మాట కాదు. పక్కింటి పెదనాయన వచ్చి గుమ్మి దగ్గరే నిలబడి అడిగాడు.

"ఏమప్పా, వచ్చే ఏడు వాన పడితే భూమిలో ఏం వేస్తావు?"

"యాడనో ఒగచోట తెస్తాలేప్పా. ఈ పాపను యాడ నుంచి తెద్దును?"

మామ తక్కువ మాట్లాడే మనిషి. ఆ మాట విని ఆ పిల్ల లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

ఆ విత్తనాల జొన్న విసరడం అత్త ఇంకెవరికీ ఇవ్వలేదు. కూతురి పెనం వేరు, గంప వేరు, నీళ్ల చెంబు వేరు పెట్టింది. సాయంత్రం పూట నేనూ, పనికి వచ్చే ఆమే ఇంటికంతటికీ గోధుమలు విసిరేవాళ్లం. పొద్దున్నే అత్త లేచి ఇసుర్రాయి మీద కొంగుతో దులిపి, తన చేత్తో జొన్నలు పోసి విసిరేది. అంత జాగ్రత్త.

అయినా ఆ పిల్ల కడుపు మళ్లీ ఉబ్బడం మొదలైంది. మళ్లీ చెంబు, మళ్లీ చేను గట్టు. రవికెలు వదులయ్యాయి. నీలంమందు నీలంగానే ఉండేది. పొడిచిన మందుకు సరిపడా తిండి ఒంట్లోకి పోక, ఉన్నట్టుండి చెమటలు పట్టి చేతులు వణికేవి. బెల్లపు నీళ్లు తాగిస్తే తేరుకునేది.

ఇల్లంతా గోధుమ రొట్టెలు. ఆ పిల్లేమో ఎప్పుడూ ఆకలితో ఉండే పిల్ల, పైగా దొంగనోరు అని పేరు. ముందు అత్తకే అనుమానం వచ్చింది. రొట్టెలు ఉట్టి మీదికి ఎక్కాయి. అప్పటికీ తగ్గకపోతే మా ఆయన చెల్లెలి పక్కగుడ్డలు దులిపి చూశాడు, పెట్టె తీసి చూశాడు. ఏమీ దొరకలేదు.

"యాడ తింటాండావు, చెప్పు పాపా. కొట్టనులే."

"నేను తినల్యాన్నా."

"తినకపోతే కడుపెందుకు ఉబ్బుతుంది?"

"నాకేం తెల్సు? దొంగతనంగా తింటాంటే ఆ మందు ఎర్రగా రావల్ల గదా? నీలంగా ఏమిటికి ఉండాది?"

మా ఆయన ఆ పెట్టె మూసి లేచాడు. అత్త మాత్రం వంటింట్లోంచి అంది: "మీ నాయన ఇత్తనాలు ఇసిరి పెడ్తాంటే, నీ నోరు నువ్వు కట్టుకోల్యాక పోతివే."

ఆ రోజు ఆమె జొన్నరొట్టె కూడా ముట్టలేదు. సూది మాత్రం పొడిపించుకుంది. మధ్యాహ్నానికి పశువుల కొట్టం దగ్గర పడిపోయి ఉంటే మామ ఎత్తుకొచ్చాడు. బెల్లపు నీళ్లు పళ్ల సందుల్లోంచి పోశాం. కళ్లు తెరిచాక నా చెయ్యి పట్టుకుని, "నువ్వన్నా నమ్ముతావా?" అని అడిగింది. నమ్ముతా అన్నాను. నిజంగానే నమ్మాను. ఎందుకో చెప్పలేను. తిన్న మనిషి ముఖం అలా ఉండదు.

కొన్నాళ్లకు అత్తకు చలిజ్వరం తగిలి మంచం పట్టింది. జొన్నలు విసరడం ఆ పొద్దున నాకు వచ్చింది. ఇసుర్రాయి ముందు కూర్చుని, గింజలు పోయకముందే అలవాటుగా ఒక చుట్టు తిప్పాను. పిండి రాలింది. జొన్నపిండి రంగు కాదు. రాయి నోట్లో వేలు పెట్టి చూస్తే ఎర్ర గోధుమ గింజలు.

మా వైపు ఇసుర్రాయిని వట్టిగా వదలరు. వట్టి రాయి తిరిగితే ఇంట్లో గింజ నిలవదని శాస్త్రం. ఎవరు విసిరినా చివర ఒక గుప్పెడు నోట్లో ఉంచి లేస్తారు, మర్నాడు విసిరేవాళ్లు దాని మీదే పోస్తారు. మా అమ్మ అలాగే చేసేది, అత్తా అలాగే, నేనూ అలాగే. ఎన్ని తరాలుగానో ఆ గుప్పెడు జొన్న, పోసేదీ జొన్న. ఆ ఏడు మాత్రం సాయంత్రం గుప్పెడు గోధుమ, పొద్దున దాని మీద జొన్న. కొంగుతో పైన దులిపితే లోపలి గింజ పోతుందా? అత్త తన చేత్తో విసిరిన ప్రతి పిండిలో అది కలుస్తూనే ఉంది.

పరుగెత్తుకుంటూ పోయి ఆ పిల్లకు చెప్పాను. పడసాలలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అయితే నేను దొంగను కాదు" అంది.

"కాదు. ఇప్పుడే పోయి మీ అన్నకు, అత్తకు చెప్తా."

నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. "వద్దు వదినా. అమ్మ తట్టుకోల్యాదు. రాయి కడుగు, నాకు వేరే రాయి పెట్టు. నేను బాగైనాక నేనే చెప్తా, నవ్వుతా చెప్తా. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. రాయి విప్పి కడిగాను. పుట్టింటి నుంచి చిన్న ఇసుర్రాయి తెప్పించి, అత్తకు నీరసం తగ్గలేదని ఆ జొన్నలు నేనే విసురుతూ, అరిష్టమంటారని ఎవరికీ చెప్పకుండా దాన్ని వట్టిగానే ఉంచాను. కడుపు నెమ్మదించడం మొదలైంది కూడా. కానీ ఆ ఒంట్లో అప్పటికి ఏమీ మిగల్లేదు. అత్తను విడిచిన జ్వరం ఆమెను పట్టుకుంది. జ్వరంలో నీలంమందు ఇటుక రంగుకు తిరిగి ఎంత సూది పొడిచినా దిగలేదు. ఆలూరులో బస్సెక్కించి కర్నూలు చేర్చారు. నేను కడుపుతో ఉన్నానని నన్ను పోనివ్వలేదు. తెచ్చేటప్పుడు, శవాన్ని బస్సులో ఎక్కించుకోరని లారీలో తెచ్చారు.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్లందరితో అత్త ఒకటే మాట చెప్పి ఏడ్చేది. "నోరు కట్టుకోల్యాక పాయ నా పాప. తింటే పోతావే అంటే ఇనల్యా." ప్రేమతోనే అనేది. వచ్చినవాళ్లు అయ్యో అని తలలూపేవాళ్లు. కర్మాంతరం నాడు చుట్టాల ముందు మళ్లీ అదే మాట మొదలుపెట్టింది. నేను విస్తర్లు తుడుస్తున్నాను.

"తినల్యా అత్తా" అన్నాను.

పెద్దల మధ్య కోడలి గొంతు ఎప్పుడూ లేచింది కాదు. అందరూ నా వైపు తిరిగారు.

"నీకెట్ల తెల్సు?"

ఒట్టు అడ్డం పడింది. "నాతో చెప్పింది" అన్నాను.

"చెప్తే నమ్మితివా?"

"నమ్మితి."

అత్త కోప్పడుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాతో కూడా చెప్పె గదమ్మే" అంది. "నాతో కూడా అదే చెప్పె. నేను నమ్మల్యా."

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ "నోరు కట్టుకోలేదు" అన్న మాట మళ్లీ అనలేదు. కూతురి ఊసు వస్తే లేచి పశువుల కొట్టంలోకి పోయేది. రాయి సంగతి ఆమెకు చెప్పి ఉంటే అది ఇంతకన్నా బరువయ్యేదో, తేలికయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తల్లీకూతుళ్లిద్దరూ లేరు, మా ఆయనా లేడు. ఒట్టు నిలబెట్టుకోవలసిన మనుషులు ఎవరూ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ పిల్ల ఒక్క ముక్క కూడా దొంగతనంగా తినలేదు.