సీలు వేసిన గోతంలో గేమ్ కార్డులు

సలోమి గారు పోలీసుల దాడిలో పోగొట్టుకున్నవి ఇవి: కంప్యూటర్లు నాలుగు, రిమోట్లు ఎనిమిది, డబ్బిచ్చి కొన్న అసలు గేమ్ కార్డులు నలభై ఆరు, వాటితోపాటు కాలేజీ రోడ్డులో ఆమె నడిపే గేమ్ సెంటరు. అప్పుడు నేను పల్నాడులోని ఒక మేజిస్ట్రేటు కోర్టులో ప్రాపర్టీ క్లర్కుని. ఆ సీట్లోకి వచ్చి రెండో ఏడాది. పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువులను రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి భద్రపరచడం నా పని.

ఒక గేమ్ కంపెనీ ఏజెంటు ఫిర్యాదు మీద కేసు పెట్టారు. సలోమి గారి కంప్యూటర్లలో ఎమ్యులేటరు ఉంది. అంటే గేమ్ యంత్రం చేసే పనిని కంప్యూటరు చేత చేయించే ప్రోగ్రాము. అది వాడడమే నేరం కాదని ఆమె లాయరు వాదిస్తే మేజిస్ట్రేటు గారు ఒప్పుకున్నారు. చిక్కంతా గేమ్ కాపీల దగ్గర. నలభై ఆరు కాపీలూ తన కార్డుల నుంచే తీసుకున్నానని ఆమె అన్నారు. ఏ కాపీకి అసలు కార్డు చూపిస్తే ఆ కాపీ మీద ఆరోపణ వదులుకుంటామని ఫిర్యాదీ తరఫువారు మెమో వేశారు. కంప్యూటరు పని సొంతంగా నేర్చుకున్నవాణ్ణని సరిపోల్చే పని నాకే అప్పగించారు.

కార్డు బొటనవేలి గోరంత ఉంటుంది. దాడి రోజున లెక్కపెట్టమని ఆమె అడిగితే హెడ్ కానిస్టేబులు, "ఏందమ్మా, పత్తి గింజల్లాగా ఒక్కోటీ ఏరుకుంటా కూర్చోమంటావా?" అని, పక్కనున్న మిర్చి కొట్టు నుంచి ఖాళీ గోతం తెప్పించి అన్నీ అందులో పోయించాడట. మూతి కట్టి లక్క సీలు వేశారు. పంచనామాలో 'గేమ్ కార్డుల గోతం, ఒకటి' అని రాశారు. నా దగ్గరికి వచ్చినప్పుడు సీలు చూశాను, సరిగానే ఉంది. గోతం ఒకటే. సంతకం పెట్టాను.

కోర్టులో విప్పినప్పుడు అటెండరు మూడుసార్లు తుమ్మి, "ఇది కేసా, కారమా అండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. సలోమి గారు నవ్వలేదు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది. గోతం తిరగేస్తే అడుగున హమాలీల కొక్కేలు దిగిన కన్నాలు కనిపించాయి. వాటిలోంచి మిరపకాయ జారదు. కార్డు జారుతుంది.

"మా సెంటర్లో పోలేదు సార్, మీ గోతంలో పోయినయ్," అన్నారామె. నిజమే. కానీ కాగితం మీద ఏమీ పోలేదు. ఒక గోతం వచ్చింది, ఒక గోతం ఉంది. ఇరవై తొమ్మిదింటి మీద కేసు కొట్టేశారు. మిగతావాటికి జరిమానా పడింది. కంప్యూటర్లు, రిమోట్లు, గోతంలో మిగిలిన కార్డులు తిరిగిచ్చాం. సెంటరు మళ్లీ తెరుచుకోలేదు.

ఆ తర్వాత, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసేదాకా, లోపలి వస్తువుల సంఖ్య రాయని ఏ సంచినీ, సీలు ఎంత బాగున్నా, నేను తీసుకోలేదు. సలోమి గారికి కోర్టు నుంచి ఈ రోజుకీ రావలసిన కార్డులు పదిహేడు.