పౌర్ణమి బోధ

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తాను. ఆ పొద్దు పాఠం పాత గ్రీకుల రహస్య దీక్షల గురించి. దీక్ష తీసుకున్నవాళ్ళు గుడిలో చూసింది చచ్చేదాకా బయట చెప్పకూడదు.

"ఆ గుంపులే ఇప్పటికీ చాటుగా లోకాన్ని నడిపిస్తాండాయంట గదా సార్," అని ఒక అమ్మాయి అడిగింది.

దానికి ఆధారం లేదని చెప్పి ఊరుకోవాల్సింది. క్లాసును నవ్వించాలని, "రహస్య దీక్షలకు గ్రీసు దాకా ఎందుకు, మా ఊర్లోనే ఉండాయి," అన్నాను.

మాది కుందుర్పి దగ్గర పల్లె. అక్కడ ఒక ముసలి టైలరు, సాయిబు. పౌర్ణమి పౌర్ణమికి పదిమంది రైతులు, కూలోళ్ళు ఆయనింట్లో చేరి, వాకిలి మూసి తత్వాలు పాడుకుంటారు. చేరినవాళ్ళకు ఆయన చెవిలో ఒక మాట చెప్తాడు, దాన్నే బోధ అంటారు. మా నాయన కూడా పోయేవాడు. ఆ మాట ఏందని అమ్మ ఎన్నిసార్లు అడిగినా చెప్పకుండానే కన్ను మూసినాడు. ఇదంతా క్లాసులో చెప్పినాను. ఎవరో ఫోన్‌లో వీడియో తీసినారు.

వారం లోపల ఆ వీడియో ఊరూరా తిరిగింది. రహస్య సంఘాల గుర్తని చెప్పుకునే త్రికోణంలో కన్ను బొమ్మ, వెనక డప్పుల మోత, మధ్యలో నా గొంతు. నేను పట్టించుకోలేదు.

వానలు రాలేదు. ఊర్లో రెండు బోర్లు ఎండిపోయినాయి. ఆ నెలలోనే ఒక పొద్దున నాలుగేండ్ల పాప కనపడకుండా పోయింది.

"అన్నా, టైలరు మామ ఇంటి ముందర జనం చేరినారు. నీ వీడియో చూపిస్తాండారు," అని చెల్లెలు ఫోన్ చేసింది.

నేను పోయేసరికి పాప దొరికింది. వాళ్ళ పక్కింటి మిద్దె మీద నిద్రపోయిందంట. అయినా జనం కదల్లేదు.

"పాప దొరికింది గదా, ఇంకేందప్పా?" అన్నాను.

"దొరికింది. లోపల ఏం చేస్తాండారో అది తేలాల. నువ్వే చెప్పినావు గదా సారూ," అన్నాడు గుంపులో ఒకడు.

టైలరు గడప మీద కూర్చోని ఉన్నాడు. "మామా, ఆ మాట ఏందో చెప్పేయి, పోతారు," అన్నాను.

"చెప్తే నమ్ముతారా అబ్బయ్యా?" అని లేచి పక్కకు జరిగినాడు.

లోపలికి దూరినారు. ఒక చాప, తంబూర, కుట్టుమిషను, దీపం. ఇంకేమీ లేదు. వెనక నుంచి ఒకడు నింపాదిగా అన్నాడు, "అన్నీ ముందే తీసేసినారు." చాలామంది తలలూపినారు.

వారానికల్లా ఆయన మిషను ఆటోలో వేసుకోని చిలమత్తూరులో కూతురింటికి పోయినాడు.

రెండు నెలలకు తప్పు ఒప్పుకుందామని ఆయన దగ్గరికి పోయినాను. మంచినీళ్ళిచ్చి, అమ్మ ఎట్లుందని అడిగినాడు. అమ్మ బాగుందని మాత్రం చెప్పి లేచినాను. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో టీ అంగడాయన నన్ను, తన ఫోన్‌ను మార్చి మార్చి చూసినాడు.

"వీడియోలో సారు మీరే గదా? ఆ టైలరు ఈడికే వచ్చినాడంటనే, నిజమేనా?"

"ఆయనెవరో నాకు తెలీదు," అని బస్సెక్కినాను.