నీలం తలుపు మీద కాగితం

మావారు గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో మెకానిక్. పదేళ్ళ కిందట కంపెనీవాళ్ళు మిషన్ల పని నేర్చుకోవడానికి ఆయన్ని మూడు నెలలు బల్గేరియా పంపారు. తిరిగొచ్చాక రాజధాని సోఫియా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. శని, ఆదివారాలు వెళ్ళొచ్చిన కోప్రివ్‌ష్టిత్సా అనే కొండ ఊరి గురించి మాత్రం చెప్పి చెప్పి చెవులకు తూట్లు పొడిచారు. పటాన్‌చెరులో మా ఇంట్లోకి ఫ్యాక్టరీల ఘాటు కొట్టినప్పుడల్లా, "అక్కడ గాలికి వాసనే ఉండదు. నిన్ను తీసుకెళ్తాను చూడు" అనేవారు. తీసుకెళ్ళకుండానే నిరుడు పోయారు. ఆ కోపం తీరక నేనే బయలుదేరాను.

తోడు షాహీన్ వచ్చింది. మా పక్కింటి అమ్మాయే, సంగారెడ్డిలో బట్టల దుకాణం నడుపుతుంది. శంషాబాద్ నుంచి ఇస్తాంబుల్ మీదుగా సోఫియా చేరి, మర్నాడు ఉదయమే రైలెక్కాం. టికెట్టు స్టేషన్లోనే దొరికింది. ఎదుటి సీటు పెద్దాయన జున్ను పెట్టిన రొట్టె తుంచి ఇచ్చాడు. షాహీన్ మా పులిహోర ఇచ్చింది. ఒక్క ముద్దకే ఆయన కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మళ్ళీ చెయ్యి చాపాడు.

రెండు గంటలు దాటాక దిగాం. స్టేషన్ నుంచి ఊరు ఇంకా తొమ్మిది కిలోమీటర్లు. రైలు వేళకు వచ్చే చిన్న బస్సును వదులుకోకండి.

బస్సు దిగి గుండెల నిండా పీల్చాను. నిజంగానే వాసన లేదు. ఏడుపొచ్చింది.

రాళ్ళు పరిచిన వీధులు, నీలం, పసుపు, ఎరుపు రంగుల ఇళ్ళు. టర్కీ సుల్తానుల కాలంలో ఈ ఊరివాళ్ళు ఉన్ని బట్టలు కుట్టి, పశువులను మేపి దూరదేశాల దాకా వ్యాపారం చేశారట. దోపిడీదార్లు తగలబెట్టిన ప్రతిసారీ ఊరిని మళ్ళీ కట్టుకున్నారు. ఆ సుల్తానుల మీద తిరుగుబాటులో మొదటి తుపాకీ పేలింది ఇక్కడి రాతి వంతెన దగ్గరే.

మావారు బస చేసిన ఇల్లూ అక్కడే. నీలం తలుపు గుర్తు. వెతుకుతుంటే షాహీన్ ఆగిపోయింది.

"టీచరమ్మా, ఈడ గూడ ఎలక్షన్లున్నట్టున్నయ్. ఏ తలుపు సూసినా లీడర్ ఫోటోనే!"

మా చౌరస్తా ఫ్లెక్సీలకు అలవాటుపడ్డ కళ్ళు మరి, నేనూ నమ్మేశాను. నీలం తలుపు మీది మీసాలాయన్ని చూసి, "ఈయన గెలిచేలా ఉన్నాడే" అన్నాను కూడా.

తలుపు తీసింది ఇంటావిడ స్టాంకా. నా దగ్గరున్న మావారి ఫోటో చూడగానే గుర్తుపట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. మీసాలాయన ఆవిడ భర్తట. పోయి ఆరేళ్ళు. ఇక్కడ చనిపోయినవాళ్ళ ఫోటో అచ్చువేసి తలుపుకు అంటిస్తారు, ఏటా కొత్తది మారుస్తారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మావారు పోయినప్పుడు తోటి పనివాళ్ళు చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. పదకొండో రోజుకల్లా దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ పడింది. ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, స్టాంకాతో చెప్పేశాను.

ఆవిడ మావారి ఫోటో తీసుకుని బజారుకు వెళ్ళింది. గంటలో ఆ ఫోటో అచ్చువేయించిన కాగితంతో వచ్చి, తలుపు మీద తన భర్త పక్కనే అంటించింది.

"వానకు తడిస్తే?" అన్నాను.

"మారుస్తాను. ఏటా" అంది ఫోన్.

రెండు రోజులుండి తిరిగి రైలెక్కాం. కిటికీకి తల ఆనించి కూర్చున్నాను.

"ఏడ్వకుర్రి టీచరమ్మా" అంది షాహీన్. "సార్‌కు మంచి జాగనే దొరికింది."

శంషాబాద్‌లో దిగి కిరాయి కారెక్కాం. అవుటర్ రింగ్ రోడ్డు దిగి పటాన్‌చెరులోకి రాగానే అద్దం దించాను. ఆ పాత ఘాటే గుప్పున కొట్టింది. ఏడాదిగా మా ఇంట్లో రోజూ ఆయన్ని రమ్మనే పిలుస్తున్నాను.

"ఇక్కడ వాసనొస్తోందండీ" అన్నాను. "మీరు అక్కడే ఉండండి."